తిండిలోని పీచు – ప్రేగులలోని రాచపుండు

జనుము, జీలుగ, పిల్లిపెసర చల్లి, పూతదశయందు దున్ని మట్టిలో కలిపిన తరువాత ఏమి జరుగునో మన రైతులకు చెప్పనక్కరలేదు. ఆ రొట్ట తనంత తాను పైరునకు ఆహారము కానేరదు. నేలలోని సూక్ష్మజీవులు దానిని కుళ్లబెట్టి, వేళ్లు పీల్చుకొనదగిన సారముగా మార్చును. మన ప్రేగులలోను ఇట్టి సేద్యమే జరుగుచున్నది. దానిని గూర్చి సంఘ సభ్యులకు తెలియజేయుటకే మేమీ వ్యాసము వ్రాయుచున్నాము.

ధాన్యముల పైపొరలలోను, పప్పులలోను, కూరగాయలలోను ఉండు పీచును మన జీర్ణరసములు కరిగింపలేవు. అది చిన్నప్రేగు దాటి పెద్దప్రేగునకు చేరును. అచ్చట లెక్కకు మిక్కిలియగు సూక్ష్మజీవులు నివసించుచున్నవి. పీచులో కొంత వాటికి ఆహారమగును. తక్కినది మలమునకు పరిమాణమునిచ్చి, నిలువయుండనీక వెలికి పంపును. మేలుచేయు సూక్ష్మజీవులను పోషించు ఆహారాంశములకు 1995లో శాస్త్రజ్ఞులు ప్రీబయాటిక్ అని పేరిడిరి. ఉల్లి, వెల్లుల్లి, కందులు, శనగలు మొదలగువానియందు ఇట్టివి కలవు.

ఆ సూక్ష్మజీవులు పీచును పులియబెట్టి కొన్ని ఆమ్లములను పుట్టించును. అందు బ్యుటిరేటు ముఖ్యము. పెద్దప్రేగు లోపొరయందలి కణములకు అదియే ప్రధానాహారము. అది వాపును తగ్గించుననియు, అదుపుతప్పి పెరుగు కణములను అణచుననియు ప్రయోగశాలలలో కనుగొనిరి. కాన్సరు, అనగా రాచపుండు, అట్టి కణముల పెరుగుదలయే.

ఉగాండాలో వైద్యము చేసిన డెనిస్ బర్కిట్ అను ఐర్లండు దేశపు శస్త్రవైద్యుడు, ముతక తిండి తిను ఆఫ్రికా పల్లెవాసులలో ప్రేగు కాన్సరు అరుదని గమనించి, పీచు లోపించుట ఈ వ్యాధికి కారణము కావచ్చునని 1971లో ప్రకటించెను. 2015లో ప్రకటింపబడిన ఒక పరీక్షలో, దక్షిణాఫ్రికా పల్లెవాసులు 20 మందియు, ఆఫ్రికా సంతతికి చెందిన అమెరికావారు 20 మందియు రెండు వారములపాటు ఒకరి తిండి మరియొకరు తినిరి. పీచు హెచ్చిన అమెరికావారి ప్రేగులలో బ్యుటిరేటు పెరిగి, వాపు తగ్గెను. మాంసము, క్రొవ్వు హెచ్చిన ఆఫ్రికావారికి దీనికి విరుద్ధముగా జరిగెను.

అయినను మేము హద్దుమీరిన మాట చెప్పము. ఐరోపాలో పది దేశముల యందు అయిదు లక్షలకు పైగా జనులను పరిశీలించి 2003లో వెలువరించిన ఫలితములలో, పీచు హెచ్చుగా తినువారికి ఈ వ్యాధి తక్కువయని తేలెను. కాని ప్రేగులోపల మొలచు చిన్న కండలను తీసివేయించుకొన్నవారికి కొన్ని యేండ్లు పీచు హెచ్చించి చూడగా, అవి మరల పుట్టుట తగ్గలేదని 2000లో అమెరికావారు ప్రకటించిరి. కావున పీచు మందు కాదు. అది చిరకాలపు అలవాటుగా నుండదగిన ఆహారము.

ఇక మన పళ్లెము చూతము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారి 2017 నాటి పట్టికల ప్రకారము, పాలిషు పట్టిన బియ్యము 100 గ్రాములలో పీచు 3 గ్రాములకు లోపే. జొన్నలలో 10, రాగులలో 11, కందిపప్పులో 9, శనగపప్పులో 15 గ్రాములు కలదు. రెండువేల కేలరీల తిండికి 30 గ్రాముల పీచు ఉండవలయునని ఆ సంస్థ సలహా. దినమునకు 400 గ్రాముల తెల్లబియ్యము తినినను వచ్చునది 11 గ్రాములే. అందు సగమునకు జొన్నలు వాడిన 26 గ్రాములగును. పప్పు, ఆకుకూర చేరిన లెక్క సరిపోవును. మిల్లులో తవుడు గేదెల పాలగుచుండగా, పీచులేని బియ్యము మన పాలగుచున్నది.

పీచును ఒక్కసారిగా హెచ్చింపరాదు, కడుపుబ్బరము కలుగును. క్రమముగా పెంచుచు, నీరు చాలినంత త్రాగవలెను. పొగాకు, సారాయి మానుట కూడ ఈ వ్యాధిని దూరముంచు మార్గమే. మలములో నెత్తురు కనిపించినను, మలవిసర్జన అలవాటు కొన్ని వారములుగా మారియున్నను, కారణము లేక బరువు తగ్గినను, మూలశంకయని తలచి నాటుమందులతో కాలము గడపక వైద్యునికి చూపించుకొనవలయును. ఆరంభదశలో కనుగొనిన ఈ వ్యాధి తరచుగా నయమగును.

జొన్న, రాగి, కంది పండించు సభ్యులు పంటనంతయు కాటాకు పంపక, ఇంటివారికి ఏడాదికి చాలినంత గాదెలో నిలుపుకొందురు గాక అని మా మనవి.