డిసెంబరులోనే మొదలయ్యే వేసవి

మార్చి వచ్చిందంటే ప్రొఫెసర్లకు ఒకే రకం మెయిళ్లు. ‘రెస్పెక్టెడ్ సర్, మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో సమ్మర్ ఇంటర్న్‌షిప్ చేయాలన్నది నా చిరకాల కోరిక...’ సంస్థ పేరు మార్చడం మరిచిపోయి, మరో ఐఐటీ పేరుతోనే వచ్చి పడేవీ ఉంటాయి. అప్పటికే పొద్దుపోయింది. బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగరాజ్‌లలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు దరఖాస్తులు చలికాలంలోనే తీసుకుంటారు. ఎంపికైతే రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పని. భృతి, రైలు ఖర్చు వాళ్లే ఇస్తారు. ముంబయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లోనూ, బెంగళూరు జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్‌లోనూ ఇలాంటి పథకాలున్నాయి.

బీఎస్సీలో ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ అందుకునేవారికి ఈ వెతుకులాట ఎలాగూ తప్పదు. ఏడాదికిచ్చే 80,000 రూపాయల్లో 20,000 వేసవి ప్రాజెక్టు కోసమే. ఆ సంగతి చాలామందికి రిపోర్టు పెట్టమన్నప్పుడే గుర్తొస్తుంది!

పథకాల్లో చోటు దొరక్కపోతే నేరుగా అడగాల్సిందే. హైదరాబాద్‌లో తార్నాక నుంచి ఉప్పల్ వైపు కాస్త దూరం వెళ్తే చాలు. ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ పరిశోధనా సంస్థలు వరసగా కనిపిస్తాయి. వందమందికి ఒకే మెయిల్ పంపేకన్నా, ఒక్కరి పరిశోధనాపత్రం చదివి, అర్థంకాని చోటేదో రాసి, ‘ఇక్కడ ఈ పద్ధతే ఎందుకు వాడారు సర్?’ అని అడిగితే చదివేవాళ్లు ఆగుతారు. మెయిల్ రెండు పేరాలు మించక్కర్లేదు. ఏ నెలలు ఖాళీయో, ఇంతవరకు చేతులారా చేసిన పనేమిటో చెప్పాలి. జవాబు రాకుంటే పది రోజులాగి ఒకసారి గుర్తుచేయొచ్చు. అంతకుమించితే విసుగే.

అసలు పెద్ద ల్యాబ్‌లోనే పరిశోధన జరుగుతుందన్నది మనకు పట్టుకున్న భ్రమ. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఏళ్లుగా కిడ్నీ జబ్బు వేధిస్తోంది. కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లో మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయాలని 2020లో నిబంధన పెట్టారు. ఉద్దానం దగ్గరి కెమిస్ట్రీ విద్యార్థి ఆ పేరుతో నాలుగు ఊళ్ల బావుల నీళ్లు తెచ్చి, కాలేజీ ల్యాబ్‌లోనే కాఠిన్యం, ఫ్లోరైడ్ కొలిచి, వానకు ముందూ తర్వాతా అంకెల్ని పక్కపక్కన పెట్టొచ్చు. జబ్బు గుట్టు దాంతో విప్పలేకపోవచ్చు, కానీ ఏ బావి, ఏ తేదీ, ఏ లోతు అని రాసిపెట్టిన నోట్‌బుక్ ఉంటుంది. సీనియర్ రిపోర్టులో పేరు మార్చి బైండింగ్ చేయించినవాడి దగ్గర అది ఉండదు. జీవశాస్త్రం వాళ్లకైతే జెన్‌బ్యాంక్‌లో జన్యు సమాచారం, ఖగోళంపై మోజున్నవారికి ఆస్ట్రోశాట్ ఉపగ్రహ డేటా ఉచితంగానే దొరుకుతాయి.

ఇక డబ్బు కట్టించుకుని సర్టిఫికెట్ ఇచ్చే ‘ఇంటర్న్‌షిప్’ల సంగతి. వాటికి పెట్టే రొక్కంతో నాలుగు మంచి పుస్తకాలు కొనుక్కోవడం నయం.

ల్యాబ్‌లో చేరాక మొదటి వారాలు చప్పగానే గడుస్తాయి. గాజుసామాను కడగడం, పిపెట్ పట్టడం, పీసీఆర్ పనిచేయక జెల్ మీద ఏ గీతా కనిపించకపోవడం మామూలే. ఆ ఖాళీ జెల్ ఫొటోను కూడా తేదీ వేసి నోట్‌బుక్‌లో అతికించాలి. ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ ఇంటర్వ్యూల్లో ప్రాజెక్టు గురించి గుచ్చిగుచ్చి అడుగుతారు. ఎక్కడ చెడిందో, తర్వాత ఏం మార్చి చూశారో చెప్పగలిగినవాళ్లతో మాట సాగుతుంది.