విషయం చూడరు, కాపీలు లెక్కపెడతారు: యూజ్‌నెట్‌లో స్పామ్ వడపోత

1990ల్లో ఇంటర్నెట్‌లో తెలుగువాళ్లు కలుసుకున్న చోట్లలో సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు ఒకటి. కంప్యూటర్లలో తెలుగు లిపికి వీలు లేక అక్కడ ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసుకునేవారు. అది యూజ్‌నెట్‌లోని ఒక న్యూస్‌గ్రూప్. సొంత రాష్ట్రం దాటి బతికే మనకు అలాంటి కూడలి విలువ వేరే చెప్పాలా? అలాంటి చోటికి చెత్త వచ్చిపడితే ఎలా ఆపుతారు? ఆపబోయి మన మాటనే ఆపేస్తే? ఇదే ఇక్కడి ప్రశ్న.

యూజ్‌నెట్‌కు యజమాని లేడు. 1979లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ దీన్ని తలపెట్టారు. ఒక సర్వర్‌కు చేరిన సందేశం పక్క సర్వర్‌కు, అక్కడి నుంచి మరోదానికి పాకుతుంది. అందుకే ఏది తీసుకోవాలో ప్రతి సర్వర్ తానే తేల్చుకోవాలి.

మొదటి పరీక్ష రూపానికి. పంపినవారు, తేదీ, గ్రూప్, శీర్షిక, వచ్చిన దారి, మెసేజ్ ఐడీ అనే వివరాలు సందేశం పైన ఉండాలి. ఏది లేకపోయినా అది చెల్లదు. అదే ఐడీతో ముందే వచ్చి ఉంటే రెండోది తీసుకోదు. తేదీ మరీ పాతదైనా, రేపటి తర్వాతిదైనా తిప్పికొడుతుంది. పరిశీలకుడున్న గ్రూప్‌లో ఆయన ఆమోదం తెలిపే వరుస ఉండాలి.

రెండో పరీక్ష స్పామ్‌కు. 1994 ఏప్రిల్ 12న అమెరికాలో ఇద్దరు లాయర్లు గ్రీన్‌కార్డ్ లాటరీ ప్రకటనను వేల గ్రూపుల్లో విడివిడిగా వేశారు. దాంతో ఎక్కడ చూసినా అదే కనిపించింది. ఇలాంటివాటిని కొలవడానికి బ్రైడ్‌బార్ట్ సూచిక వాడుకలోకి వచ్చింది. ఒక్కో కాపీ ఎన్ని గ్రూపులకు వెళ్లిందో చూసి, ఆ సంఖ్యల వర్గమూలాలను కూడతారు. ఒకే కాపీ 9 గ్రూపులకు వెళితే 3. విడిగా 20 గ్రూపుల్లో 20 కాపీలు వేస్తే 20. నలభై అయిదు రోజుల్లో మొత్తం 20కి చేరితే స్పామ్ కిందే లెక్క.

ఇందులో సందేశం ఏం చెబుతోందన్న ప్రశ్నే లేదు గమనించండి. తెలుగు ఒక్క ముక్క రాని సర్వర్ నిర్వాహకుడు మన ఉత్తరం మంచిదో చెడ్డదో తేల్చలేడు. కాపీలు మాత్రం లెక్కపెట్టగలడు. తక్కువమంది మాట్లాడే భాషకు ఈ పద్ధతే రక్ష.

పొరపాట్లూ ఉన్నాయి. క్లీన్‌ఫీడ్ అనే ఫిల్టర్ సందేశం ముద్రను గుర్తుపెట్టుకుని, మళ్లీ మళ్లీ వస్తే ఆపుతుంది. ఒకే యంత్రం నుంచి ఒకే పొడవున్న సందేశాలు చాలా వచ్చినా అనుమానిస్తుంది. ఎందరో కలిసి వాడే యంత్రమైతే అమాయకులు చిక్కుకుంటారు. అలాంటివాటికి మినహాయింపు ఇవ్వాలి. ఇక సందేశాన్ని తీసేయమని పంపే రద్దు ఆజ్ఞలను దొంగ పేర్లతోనూ పంపారు. అందుకే చాలా సర్వర్లు వాటిని నమ్మడం మానేశాయి. బదులుగా వచ్చిన నోసీమ్ పద్ధతిలో, ఏవి స్పామో చెప్పే జాబితాకు డిజిటల్ సంతకం ఉంటుంది. ఎవరి జాబితా నమ్మాలో సర్వర్ ఇష్టం.

2024 ఫిబ్రవరి 22 నుంచి గూగుల్ గ్రూప్స్‌లో యూజ్‌నెట్‌కు కొత్త సందేశాలు పంపే వీలు పోయింది. స్వతంత్ర సర్వర్లు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. మన సంఘాల సందేశాలకు కాపలా పెట్టేటప్పుడూ ముందు అడగాల్సింది ఇదే: ఇది నచ్చని మాటా, లేక వందోసారి వచ్చిన మాటా? రెండోదాన్నే ఆపుదాం.