‘అర్థమైందా?’ అని అడిగితే చాలదు

చెన్నైలోని అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్ 1964లో మొదలైంది. చిన్నాపెద్దా కలిపి వందల యూనిట్లున్న చోటు. పొద్దున షిఫ్టు వేళకు పట్టరవాక్కం స్టేషన్‌లో దిగే గుంపులో తమిళంతో పాటు తెలుగు, హిందీ, ఒడియా కూడా చెవిన పడతాయి. అందులో కొత్తగా చేరిన ఐటీఐ కుర్రాడికి మొదటి రోజు ఏం జరుగుతుంది? చాలాచోట్ల తంతు ఒకటే. ఏసీ గదిలో ఓ పూట స్లైడ్లు, రిజిస్టర్‌లో సంతకం, తర్వాత ఓ సీనియర్ ఆపరేటర్ పక్కన నిలబెట్టడం. ఆ అన్న తన పని తాను చేసుకుంటూ మధ్యలో తల తిప్పి అడుగుతాడు: ‘అర్థమైందా?’ ‘అర్థమైందన్నా.’ దానికి ట్రైనింగ్ అని పేరు.

ఆ ప్రశ్నకు ఇంకో జవాబు రాదు. కొత్త ఉద్యోగంలో అర్థం కాలేదని చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? శిక్షణ గురించి ఆలోచించేటప్పుడు ముందు ఈ ప్రశ్నను పక్కన పెట్టాలి.

అంతకంటే ముందు తేల్చుకోవలసింది ఇంకొకటుంది: అసలు ఇది శిక్షణతో తీరే సమస్యేనా? రిజెక్షన్ పెరగగానే ‘వాళ్లకు ట్రైనింగ్ ఇవ్వండి’ అనడం మేనేజర్లకు అలవాటు. గేజి అరిగిపోయి ఉండొచ్చు. మెషీన్ మీద లైటు చాలకపోవచ్చు. టార్గెట్ అందుకోవడానికి కొలతే మానేస్తుండొచ్చు. పని తెలిసీ చేయలేకపోతున్నవాడికి మళ్లీ క్లాసు పీకితే ఒరిగేదేమీ లేదు. తప్పుల్లో అత్యధిక భాగం పనివాడివి కావు, పద్ధతివి అని నాణ్యత నిపుణుడు ఎడ్వర్డ్స్ డెమింగ్ జీవితమంతా చెప్పింది ఇదే.

తెలియకపోవడమే సమస్య అయితే, ఏం నేర్పాలో ఎంత సూక్ష్మంగా రాసుకోవాలో ఒక పనిలో చూద్దాం. లేత్ మీద 50 మిల్లీమీటర్ల స్టీలు షాఫ్టు తిప్పి, మైక్రోమీటర్‌తో కొలవాలి. ‘చక్కగా కొలువు’ అంటే కుర్రాడికి ఏమీ చెప్పనట్టే. అప్పుడే టూలు వదిలిన జాబ్, అంటే ఆ షాఫ్టు, వేడిగా ఉంటుంది. మైక్రోమీటర్ కన్నా అది 25 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉందనుకుంటే, వ్యాకోచం వల్ల వ్యాసం దాదాపు 14 మైక్రాన్లు ఎక్కువ చూపిస్తుంది. డ్రాయింగ్ ఇచ్చిన వెసులుబాటే 16 మైక్రాన్లయితే? సైజు ఇంకా ఎక్కువుందని కుర్రాడు మరో కట్ తీస్తాడు. చల్లారాక చూస్తే సైజు తగ్గిపోయి ఉంటుంది. ఎక్కువున్నదాన్ని మళ్లీ తిప్పొచ్చు, తగ్గినది స్క్రాపే. కాబట్టి శిక్షణ కాగితంలో ‘కొలువు’ అన్న అంచె పక్కన ‘చల్లారాక, తుడిచి’ అన్న కీలకం, దాని పక్కన ‘వేడిలో సైజు పెరుగుతుంది గనుక’ అన్న కారణం ఉండాలి. కారణం చెప్పకపోతే తొందరలో మొదట ఎగిరిపోయేది ఆ కీలకమే.

అంచె, కీలకం, కారణం. ఇలా పనిని విడగొట్టి రాయడం రెండో ప్రపంచయుద్ధకాలంలో అమెరికాలో స్థిరపడింది. ఫ్యాక్టరీలకు లక్షల మంది కొత్తవాళ్లు రావడంతో, 1940లో ‘ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ’ అనే కార్యక్రమం పెట్టారు. నేర్పడమెలాగో సూపర్‌వైజర్లకు రెండేసి గంటల చొప్పున ఐదు విడతల్లో నేర్పేవారు. అందులో ఒక ప్రదర్శన నాకు భలే నచ్చుతుంది. కరెంటు తీగకు వేసే ఒక ముడి ఎలా వేయాలో శిక్షకుడు ముందు నోటితో చెబుతాడు. ముందుకొచ్చిన వ్యక్తి వేయలేడు. తర్వాత మాటల్లేకుండా వేసి చూపిస్తాడు. అప్పుడూ చేత కాదు. మూడోసారి పద్ధతిగా నేర్పుతాడు: ముందు బెరుకు పోగొట్టి, ఒక్కో అంచె చూపిస్తూ కీలకం చెప్పి, ఆ వ్యక్తితోనే చేయిస్తూ ‘ఇలా ఎందుకు?’ అని అతని నోటితో చెప్పించి, ఆ తర్వాత వదిలేసి మధ్యమధ్య వచ్చి చూడడం. ముడి పడుతుంది. యుద్ధం ముగిశాక ఈ పద్ధతి జపాన్‌కు వెళ్లింది. టయోటా దీన్ని తన పని తీరులో కలిపేసుకుంది.

అక్కడి నాణ్యత పద్ధతులు మన అంబత్తూరు పక్కకే వచ్చాయి. పాడిలోని సుందరం-క్లేటన్ కంపెనీ 1998లో, జపాన్ వారు ఆ డెమింగ్ పేరిట నాణ్యతకు ఇచ్చే బహుమతి అందుకుంది. భారతదేశంలో అది మొదటిది. డెమింగ్ చెప్పిన 14 సూత్రాల్లో పని చోటే శిక్షణ ఇవ్వాలన్నది ఒకటి.

ఇక నేర్పేదెవరు? అనుభవం ఎక్కువున్నవాణ్ణి పెడితే సరిపోతుందనుకుంటారు. పాతికేళ్ల ఆపరేటర్‌కు టూలు మొద్దుబారిన సంగతి శబ్దంలోనే తెలిసిపోతుంది. అయితే చేతికి తెలిసినది నోటికి రాదు. ఆయన పక్కన ఎవరో కూర్చుని ‘ఇప్పుడెందుకు ఆగారు?’, ‘అక్కడ వేలితో ఏం చూశారు?’ అని అడిగి రాసుకోవాలి. భాష అడ్డొచ్చే చోట మంచి ముక్క, చెడ్డ ముక్క పక్కపక్కన పెట్టి తాకి చూడమనడం, ఏ భాషలో వేసిన పోస్టర్ కన్నా మేలు.

ఫలితం కొలవడానికి అమెరికన్ పండితుడు డొనాల్డ్ కిర్క్‌ప్యాట్రిక్ 1959లో నాలుగు మెట్లు చెప్పాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో వాడుతున్నారా, సంస్థకు ఫలితం దక్కిందా. మన కంపెనీలు మొదటి మెట్టు దగ్గరే చాప పరుచుకుంటాయి. బిర్యానీ భోజనం తర్వాత ఇచ్చే ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో ఏ ట్రైనింగ్‌కైనా ఐదుకు నాలుగున్నర వస్తుంది. అసలు చూడాల్సింది మూడోది: నెల తర్వాత నైట్ షిఫ్టులో, ఎవరూ చూడనప్పుడు, ఆ కుర్రాడు జాబ్ చల్లారేదాకా ఆగుతున్నాడా? లెక్కకు తేలికైనది నాలుగోది, స్క్రాప్ డబ్బా ఎలాగూ తూకం వేస్తారు.

పది మందితో నడిచే యూనిట్‌కు ట్రైనింగ్ విభాగం ఉండదు. నేర్పితే ఇంకో వీధిలో వెయ్యి ఎక్కువిచ్చే కంపెనీకి వెళ్లిపోతాడన్న యజమాని భయం ఉత్తిది కాదు. అయితే ఖర్చుకు కొంత ఆసరా ఉంది. 1961 నాటి అప్రెంటీసుల చట్టం కింద 2019లో మార్చిన నిబంధనల ప్రకారం, 30 మంది ఉన్న సంస్థ అప్రెంటీసులను పెట్టుకోవడం తప్పనిసరి. నలుగురున్న యూనిట్ కూడా ఇష్టమైతే తీసుకోవచ్చు. స్టైపెండ్‌లో కొంత కేంద్రం భరించే పథకం 2016 నుంచి ఉంది. డబ్బు సంగతి అలా కొంత తీరుతుంది. చిన్న యజమానికి అసలు కరువైనది సీనియర్ ఆపరేటర్ సమయం. నేర్పుతున్న గంటకు ఆ ఆపరేటర్ ప్రొడక్షన్ లెక్క తగ్గించి రాయడానికి యజమాని ఒప్పుకుంటేనే ఆ అన్న కుర్రాడి వైపు పూర్తిగా తిరిగి నిలబడగలడు.