మేళానికీ కాల్షీటు కావాలి

బెంగళూరు పాతపేటల పేర్లు చదువుకుంటూ పోతే ఎవరెవరు ఏ పని చేసి బతికారో తెలిసిపోతుంది. గాణిగరపేట గానుగలవాళ్లది, కుంబారపేట కుమ్మరులది, తిగళరపేట తోటలు పెంచిన తిగళులది, నగర్తపేట వర్తకం చేసిన నగర్తలది. ఇప్పటికీ ఈ ఇరుకు సందుల్లో బట్టల మూటలు దిగుతూనే ఉంటాయి, చిన్నచిన్న గదుల్లో బంగారం పని సాగుతూనే ఉంటుంది. ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడం మాట్లాడే కుటుంబాలు ఇక్కడ ఎన్నో. ఆ పేర్ల వరసలో మేళగాళ్ల పేట మాత్రం కనపడదు. కాస్త దూరం నడిస్తే బళేపేటలో వాద్యాలు అమ్మే దుకాణాలున్నాయి. వాటిని వాయించి బతికేవాళ్ల పేరు ఏ పేటకూ పెట్టలేదు.

అలాగని వాళ్లు లేకుండా ఇక్కడ ఏ శుభకార్యమూ జరగదు. పెళ్లయినా, గృహప్రవేశమైనా, గుడిలో కల్యాణమైనా సన్నాయి లేస్తేనే మొదలు. చైత్ర పున్నమి రాత్రి ధర్మరాయస్వామి గుడి నుంచి కరగ బయటికొచ్చేటప్పుడు చూడాలి. కత్తులు పట్టిన వీరకుమారులు, గోవింద నామాలు, ఆడవేషంలో తలమీద పూల కరగ ఎత్తుకున్న అర్చకుడు, వెంట వాద్యాలు. అర్ధరాత్రి దాటాక బయల్దేరి పేటలన్నీ తిరిగి, కాటన్‌పేటలో తవక్కల్ మస్తాన్ దర్గా దగ్గర ఆగి, తెల్లారేదాకా సాగే ఊరేగింపు అది. ఆ వాద్యం వినని చెవి ఈ పేటల్లో ఉండదు. అది వాయించినవాడికి ఎంత ముట్టింది, ఎప్పుడు ముట్టింది అని అడిగేవాళ్లు మాత్రం తక్కువ.

పెళ్లి సంగతే తీసుకోండి. ముహూర్తం తెల్లవారుజామున అయితే మేళం రెండింటికే మంటపానికి చేరాలి. డోలు వాయించేవాడి కుడిచేతిని దగ్గరగా చూడండి. వేళ్లకు గట్టి తొడుగులు బిగించి ఉంటాయి. నాలుగైదు గంటల తర్వాత అవి తీస్తే కింద చర్మం చెమటకు నాని, ఒరుసుకుపోయి ఉంటుంది. ఎడమచేతిలో కర్ర పట్టిన చోట కాయలు కాసి ఉంటాయి. పక్కన సన్నాయి ఊదేవాడి పెదవులు మొద్దుబారి ఉంటాయి. అయినా పురోహితుడు చెయ్యెత్తి గట్టిమేళం అన్నాడంటే మోగించాల్సిందే. ఆ క్షణం దాటితే అక్షింతలు, ఫొటోలు, బంధువుల పలకరింపులు. మేళంవాళ్లు తిన్నారా లేదా అన్నది ఎవరికీ గుర్తుండదు. చివరి బంతిలో దొరికితే దొరికినట్టు.

డబ్బు మాట దాని తర్వాత. ముందిచ్చింది బయానా, మిగతాది అన్ని లెక్కలూ తేలాక. సంచి పట్టుకున్న మేనమామ కనపడేదాకా వంటశాల గుమ్మం దగ్గర నిలబడాలి. మాట్లాడుకున్నదాంట్లో కొంత తగ్గించి, తాంబూలంలో పెట్టి చేతికిస్తే బేరమాడటానికి నోరు రాదు, ఎందుకంటే అది పెళ్లిల్లు. ఫొటోగ్రాఫరు కొటేషను కాగితం మీద ఇస్తాడు. పూల అలంకరణకు కాగితం ఉంది, వంటకు కాగితం ఉంది. మేళానికి లేదు. మధ్యలో కుదిర్చిన కాంట్రాక్టరు ఉంటే అతని వాటా పోను మిగిలిందే నలుగురూ పంచుకోవాలి. ఆషాఢంలోనూ, మూఢాల్లోనూ ముహూర్తాలుండవు. ఆ నెలల్లో సన్నాయి గోడకు వేలాడుతుంది, అప్పులు మొదలవుతాయి. గుడి పనైనా ఉంటుందా అంటే, హారతి వేళకు మీట నొక్కితే దానంతటదే మోగే ఎలక్ట్రిక్ డోలు, గంట ఎన్నో గుళ్లలోకి వచ్చేశాయి.

ఈ అన్యాయానికి మూలం కులంలో ఉంది. మన దేశంలో మంగళవాద్యం కులవృత్తిగా వచ్చింది. తెలుగునాట నాయీబ్రాహ్మణులు, కర్ణాటకలో సవితా సమాజంవాళ్లు తరతరాలుగా ఈ నాదాన్ని మోశారు. కులవృత్తికి ఇచ్చేది సంభావన, కూలి కాదు. దానికి గంటల లెక్క ఉండదు, రేటు ఉండదు, అడిగే హక్కు అసలే ఉండదు. ప్రకాశం జిల్లా కరవది నుంచి వెళ్లి శ్రీరంగంలో స్థిరపడ్డ షేక్ చిన మౌలానాకు 1977లో పద్మశ్రీ వచ్చింది, 1998లో సంగీత కళానిధి వచ్చింది. ఆ గౌరవాలకు మనమంతా గర్వపడ్డాం. పెళ్లి పందిట్లో కూర్చున్న సన్నాయి విద్వాంసుడి బతుకు వాటివల్ల మారలేదు.

ఇదే దక్షిణాదిలో ఇంకోరకం సంగీతకారులు మాత్రం సంఘం కట్టి తమ పనికి లెక్క తెచ్చుకున్నారు. వాళ్లు మద్రాసు సినిమా వాద్యకారులు. వాళ్లను కూడగట్టినవాళ్లలో ముఖ్యుడు 1925లో చిత్తూరులో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్. కమ్యూనిస్టు. ఢిల్లీలో ఎ.కె. గోపాలన్ దగ్గర కార్యదర్శిగా పనిచేసి, మద్రాసు వచ్చి సంగీత దర్శకుడయ్యాడు. తొలిచిత్రం 1960లో వచ్చిన ‘పాదై తెరియుదు పార్’. దాని దర్శకుడు నిమాయ్ ఘోష్‌తో కలిసే ఆయన దక్షిణాది సినిమా కార్మికుల సంఘాలకు పునాదులు వేశాడు. మలయాళ సినిమాకు గొప్ప పాటలిచ్చినవాడిగా ఆయన్ను కేరళ తలుచుకుంటుంది. వయొలిన్ వరసలో చివరి కుర్చీలో కూర్చున్నవాడి కూలి గురించి పట్టించుకున్న సంగీత దర్శకుడిగా మనమూ తలుచుకోవాలి.

సినిమా వాద్యకారుల చేతికి వచ్చిన ఆయుధం కాల్షీటు. ఇన్నింటికి మొదలు, ఇన్నింటికి ముగింపు, దాటితే అదనం. నిర్మాత ఎంత పెద్దవాడైనా, పాట ఎన్ని టేకులు తిన్నా లెక్క అదే. కళాకారుడి ప్రతిభను గంటల్లో కొలుస్తారా అని అప్పుడూ ఇప్పుడూ అభ్యంతరం చెప్పేవాళ్లున్నారు. గంటలు కొలిచేది ప్రతిభను కాదు, ఊపిరిని.

ఆ సంప్రదాయం నేటికీ బలంగా ఉంది. 2025 ఆగస్టులో తెలుగు సినిమా కార్మికుల ఫెడరేషన్ 30 శాతం వేతన పెంపు కోరుతూ 18 రోజులు షూటింగులు ఆపేసింది. చివరికి రోజుకు 2 వేలలోపు అందుకునేవాళ్లకు మూడేళ్లలో దశలవారీగా 22.5 శాతం పెంచడానికి నిర్మాతలు ఒప్పుకున్నారు. అడిగినంత రాలేదు. కానీ అడగడానికి ఒక బల్ల ఉంది, అవతల కూర్చోవాల్సిన మనిషి ఉన్నాడు.

మేళగాడికి ఆ అవతలి మనిషే లేడు. స్టూడియోకు గేటు ఒకటే ఉంటుంది, దాని ముందు నిలబడితే పని ఆగుతుంది. పెళ్లిళ్లకు ఊరినిండా గుమ్మాలే. ఈ రోజు ఒక ఇల్లు, రేపు ఒక కల్యాణమంటపం, ఎల్లుండి ఒక గుడి. ఒకరు ఎక్కువ అడిగితే తక్కువకు వచ్చే బృందం ఫోన్లో సిద్ధంగా ఉంటుంది. సంఘం పెట్టడంలో ఉన్న అసలు కష్టం ఇదే. అయినా అసాధ్యం కాదు. 1893లో మాంచెస్టరులో జో విలియమ్స్ అనే క్లారినెట్ వాద్యకారుడు తనలాంటి నాటకశాలల వాద్యకారులను పిలిచి సంఘం పెట్టాడు. అదే ఈనాటి బ్రిటన్ మ్యుజీషియన్స్ యూనియన్. రికార్డులు వచ్చి కచేరీలు పోతున్నాయని అమెరికా సంగీతకారుల సంఘం 1942 ఆగస్టు 1 నుంచి రికార్డింగులే మానేసింది. రెండేళ్లకు పైగా సాగిన ఆ పోరాటం తర్వాత అమ్మిన ప్రతి రికార్డు మీదా కొంత సంఘం నిధికి కట్టడానికి కంపెనీలు దిగివచ్చాయి. ఆ డబ్బుతో జనానికి ఉచిత కచేరీలు, వాద్యకారులకు పని. గుళ్లలో మోగే మీట డోలును చూసినప్పుడల్లా నాకు ఆ నిధి గుర్తొస్తుంది.

అంత దూరం పోనక్కర్లేదు. పేరులోనే ఈ ఊరిని మోసిన బెంగళూరు నాగరత్నమ్మ ఉంది. 1927లో మద్రాసు శాసనమండలిలో దేవదాసీల గురించి చర్చ లేచినప్పుడు, పాటా ఆటా తమ బతుకుతెరువని, తమను అడక్కుండా తమ గురించి నిర్ణయించవద్దని దేవదాసీలు సంఘంగా ఏర్పడి సర్కారుకు విన్నవించుకున్నారు. ముందు నిలిచినవాళ్లలో ఆమె ఒకరు. తిరువయ్యూరు ఆరాధనలో ఆడవాళ్లు పాడే హక్కు కోసం పోరాడిందీ ఆమే. ఘటం వాయించే సుకన్యా రాంగోపాల్‌కు, ఆడమనిషి పక్కన కూర్చుని వాయించం అన్న మృదంగం విద్వాంసులు ఎదురైంది నిన్నమొన్నటి మాట. ఆవిడ 1995లో ఆడవాళ్లతోనే ‘స్త్రీ తాళ తరంగ్’ బృందం కట్టింది. పని పరిస్థితులంటే డబ్బు ఒక్కటే కాదు. పక్కన కూర్చోనివ్వడం, దుస్తులు మార్చుకోవడానికి ఒక గది, అర్ధరాత్రి ఇల్లు చేరడానికి బండి కూడా అందులోవే.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనను. తిరుమల తిరుపతి దేవస్థానం నాదస్వరం, డోలు పాఠశాల నడుపుతోంది, విద్వాంసులను జీతం మీద పెట్టుకుంది. తెలంగాణ సాంస్కృతిక సారథి కింద 550 మంది కళాకారులు నెల జీతగాళ్లయ్యారు. ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారుల పింఛను 2024 జులై నుంచి 4 వేలు. కర్ణాటకలో 2021 కోవిడ్ ప్యాకేజీలో కళాకారులకు తలా 3 వేలు ఇచ్చారు. ఆ జాబితా సుమారు 16 వేల మందిది. పేటల్లో, పల్లెల్లో వాయించే అందరూ అందులో ఉన్నారని నమ్మడం కష్టం. పేరు ఎక్కడా నమోదు కాని మనిషికి సాయం ఎలా చేరుతుంది?

కర్ణాటక అసంఘటిత కార్మికుల సామాజిక భద్రతా మండలి అంబేడ్కర్ కార్మిక సహాయహస్త కింద తొలి విడతలో 11 వృత్తులను గుర్తించింది. హమాలీలు, కంసాలులు, క్షురకులు అందులో ఉన్నారు. వాద్యకారులు లేరు. నగర్తపేటలో నిలబడి చూస్తే దీని అర్థం స్పష్టంగా కనపడుతుంది. మూట మోసేవాడు కార్మికుడు, బంగారం సాగదీసేవాడు కార్మికుడు. ఆ జాబితా లెక్కలో ఒకే ఇంట్లో అన్న కత్తెర పడితే కార్మికుడు, తమ్ముడు సన్నాయి పడితే కాదు. 2024 జులైలో కర్ణాటక శాసనసభ సినీ, సాంస్కృతిక కార్యకర్తల సంక్షేమ బిల్లు ఆమోదించింది. సినిమా టికెట్ల మీద, ఓటీటీ చందాల మీద ఒకటి నుంచి రెండు శాతం సెస్సు వేసి నిధి పెడతారు. మంచిదే. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలో ఒకటి, సినిమాలూ టీవీ కార్యక్రమాల్లో పనిచేసే సంగీతకారులు, గాయకులతో రాతపూర్వక ఒప్పందం ఉండాలంటోంది. కెమెరా ముందు వాయిస్తే కాగితం కావాలి, కల్యాణమంటపంలో వాయిస్తే అక్కర్లేదన్నమాట. ఈ గీతను చెరపడం రాష్ట్ర ప్రభుత్వం చేయగలిగిన పని.

చట్టం మారేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. పేటల్లోని మేళాలు, బ్యాండు బృందాలు ఒకచోట కూర్చుని ఒక అచ్చు రసీదు పుస్తకం వేయించుకుంటే చాలు, సగం సంఘం వచ్చినట్టే. అందులో వచ్చే వేళ, వెళ్లే వేళ, వాయించే మనుషుల సంఖ్య, దాటితే గంటకు ఎంత, భోజనం ఏ బంతిలో, రాత్రయితే బండి ఎవరిది, మిగతా డబ్బు మంటపం వదిలేలోపు. దీనికింద రెండు సంతకాలు. బృంద నాయకుడు తన కింద వాయించే కుర్రాడికి ఎంతిస్తున్నాడో కూడా అందులో రాయాలి. ఇది కొందరికి రుచించదు, తెలుసు. యజమాని దగ్గర న్యాయం అడిగే సంఘం తన లోపల తాళం వేసే పిల్లాడిని వదిలేస్తే ఎక్కువ కాలం నిలవదు.

కరగ లాంటి ఉత్సవాలకు నగరపాలక సంస్థ ప్రజల డబ్బు ఇస్తుంది. మొదలుపెట్టడానికి అంతకంటే మంచి చోటు లేదు. నిధి విడుదల చేసే ఉత్తర్వులోనే వాద్యకారుల పారితోషికాన్ని విడి పద్దుగా రాసి, ఊరేగింపు ముగిసిన ఉదయమే వాళ్ల బ్యాంకు ఖాతాల్లో పడాలని షరతు పెట్టవచ్చు. వచ్చే చైత్ర పున్నమిలోపు ఆ ఒక్క వాక్యం రాయించడానికి పేటలోని వర్తక సంఘాలు, ఆలయ కమిటీలు, మేళం బృందాలు కలిసి అర్జీ పెట్టాలి.