పాటల పెట్టెతో ఆటలో మాట్లాడొచ్చా?

అండమాన్‌లోని మిడిల్ పాయింట్‌లో మీ ఇంట్లో పాటలు రికార్డు చేసే ఆడియో ఇంటర్‌ఫేస్ ఉందనుకోండి. ఆన్‌లైన్ ఆటలో జట్టుతో మాట్లాడటానికి అది పనికొస్తుందా? చక్కగా పనికొస్తుంది.

మైకు నుంచి వచ్చే విద్యుత్ సంకేతం చాలా బలహీనం. ఇంటర్‌ఫేస్ దాన్ని పెంచి, సాధారణంగా సెకనుకు 48,000 సార్లు కొలిచి, అంకెలుగా కంప్యూటర్‌కు పంపుతుంది. అంకెలు 256 చొప్పున పోగై కదిలితే అయ్యే ఆలస్యం 5 మిల్లీసెకన్ల పైచిలుకే. చెవికి తెలియనే తెలియదు.

మరి మాట ఆలస్యమయ్యేది ఎక్కడ? దారిలో! ఒకప్పుడు అండమాన్ ఇంటర్నెట్‌కు ఉపగ్రహాలే దిక్కు. దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తుకు మాట వెళ్లి దిగేసరికి పావు సెకను, జవాబు వచ్చేసరికి అర సెకను. "వెనక చూడు!" అని మీరు అరిచిన మాట చేరేలోపే మీవాడు ఔటు. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు, ఇతర దీవులకు సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైంది. పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పరుగెడుతుంది. ఎంత గొప్ప మార్పో చూడండి, బంగాళాఖాతం దాటడానికి కొద్ది మిల్లీసెకన్లు చాలు!

ఇక ఇంటర్‌ఫేస్ అమరికల సంగతి. మీ గొంతు ఒక చెవిలోనే వినిపిస్తోందంటే మోనోకు మార్చండి. లూప్‌బ్యాక్ ఆపేయండి, లేదంటే ఆట చప్పుళ్లన్నీ స్నేహితులకు వెళ్తాయి. రేకుల కప్పు మీద వాన మోత ఉంటే కండెన్సర్ మైకు దాన్నీ పట్టేస్తుంది. డైనమిక్ మైకును నోటికి దగ్గరగా పెట్టుకోండి. దానికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ అక్కర్లేదు.