పద్యనాటకముపై మక్కువ

నాటకమును గ్రంథముగా చదివి ఆనందించుటకును, రంగస్థలముపై దానిని విని మోహపడుటకును నడుమ ఎంత దూరమున్నదో తెలియవలెనన్న, బలిజేపల్లి లక్ష్మీకాంతకవి హరిశ్చంద్ర నాటకములోని కాటిసీనును ఒక్కమారు చూడవలెను. ఆలిని అమ్ముకొని, వీరబాహునకు దాసుడై, శ్మశానమునకు కాపరియైన రాజు ఒంటరిగా నిలిచి పద్యమెత్తుకొనును. హార్మోనియము శ్రుతి పట్టును. నాలుగు పాదములు ముగియువరకు మాటమాటయు విడివిడిగా వినిపించును. తుదిపాదపు చివరి అక్షరముపై నటుడు రాగమందుకొనగానే, అంతవరకు బుద్ధికి మాత్రమే అందిన అర్థము మెల్లగా హృదయములోనికి దిగనారంభించును. పద్యనాటకముపై మక్కువ పుట్టు తరుణము, నా యెరుకలో, ఇదియే. ఆ సీనులో నటులు పాడు పద్యములలో కొన్ని లక్ష్మీకాంతకవివి కావు. జాషువా శ్మశానమును గూర్చి రచించిన ఖండికలోనివి. రంగస్థలము వానిని తనవిగా చేసికొని, పుస్తకము పట్టనివారి చెవులకు సయితము ఆ మహాకవిని చేర్చినది.

తెలుగునాట ఈ సంప్రదాయము మిక్కిలి ప్రాచీనమైనది కాదు. 1880లో ధార్వాడ నాటక సమాజమువారు రాజమహేంద్రవరమునకు వచ్చి ప్రదర్శనములిచ్చిరి. అదే యేట పుణెలో కిర్లోస్కరు శాకుంతలమును మరాఠీ సంగీతనాటకముగా ఆడించెను. బళ్ళారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు సరసవినోదినీ సభకై నాటకములు వ్రాసి, పద్యములను రాగయుక్తముగా పాడించెడి పద్ధతిని స్థిరపరచిరి. తోలుబొమ్మలాటతో జీవించుచున్న వనారస కుటుంబమువారు 1885లో కడప మండలపు సురభి గ్రామమున కీచకవధ మాడి, తల్లి, బిడ్డ, కోడలు అందరును వేషము కట్టెడి నాటకసమాజమునకు ఆద్యులైరి.

కృష్ణరాయబార నాటకమునకు వచ్చిన ప్రేక్షకుని చూడుడు. తిరుపతి వేంకటకవుల నాటకములో కృష్ణుడేమి చెప్పునో, దుర్యోధనుడేమి బదులిచ్చునో ఎరుగక వచ్చినవాడు అరుదు. పద్యములు పెక్కుమందికి కంఠస్థములు. కథ యేమగునన్న కుతూహలము లేనిచోట, ఈ నటుడు ఈ పద్యమును ఎట్లు చెప్పునన్న ఆసక్తియే మిగులును. ఈలపాట రఘురామయ్యగారి కృష్ణునకును, పీసపాటి నరసింహమూర్తిగారి కృష్ణునకును గల భేదమును గూర్చి రసికులు గంటలకొలది వాదించుట అందువలననే. కొత్తగా వినువారు పద్యార్థమును ముందుగా తెలిసికొని, ఒకే పద్యమును ఇద్దరి నోట వినుట మేలు. ఒకరు నిష్ఠురమును పైకి తెచ్చిన పాదములోనే వేరొకరు దయను చూపుట అప్పుడు గాని పట్టువడదు.

రాగము కథాగమనమును నిలిపివేయునని విమర్శకులు చిరకాలముగా చెప్పుచున్నారు. వన్స్‌మోర్ అన్న కేకకు లోబడి, సన్నివేశమును మరచి, పద్యమును తిరుగ పాడిన నటులున్నమాట నిజము. అది నాకును కష్టముగనే యుండును. కాని హరిశ్చంద్ర నాటకములో కుమారుడు లోహితాస్యుని శవముపై పడి రాణి చంద్రమతి యేడ్చు శోకము, వచనములో నిమిషములో ముగియునది, రాగముతో విస్తరించినప్పుడు ప్రేక్షకునకు ఆమెతో కూడ దుఃఖించుటకు వలసిన వ్యవధి లభించుచున్నది. కావున రాగమును తగ్గింపుమనుట కంటె అర్థమెరిగి పాడుమనుట యుక్తము; నేటి నాటకసమాజములు హార్మోనిస్టును కుదుర్చుకొనుటకు ముందు, పద్యమును విడమరచి చెప్పగల గురువును వెదకికొనవలెను.