ఇద్దరూ కలిసి చూసే గీత

విశాఖ ఓడరేవులో ఖనిజం ఎత్తుకున్న ఓడలో ఎన్ని టన్నుల సరుకుందో తేల్చాలంటే ఓడను తూచే తక్కెడ ఎక్కడా లేదు. ఓడ ఒంటి మీద ముందు, మధ్య, వెనక, రెండు పక్కలా వేసిన అంకెల గీతల్లో నీళ్లు ఏ గీతను తాకుతున్నాయో చూస్తారు. మొత్తం ఆరు చోట్ల చూడాలి. అల ఎగసి దిగుతూ ఉంటుంది కనుక కాసేపు చూపు తిప్పకుండా ఉండి, పైకి తాకిన చోటుకూ కిందికి జారిన చోటుకూ సగటు కట్టాలి. రేవు నీళ్లు తోడి హైడ్రోమీటరుతో సాంద్రత కొలవాలి. దీన్నే డ్రాఫ్ట్ సర్వే అంటారు. ఈ పనిని ఓడ చీఫ్ ఆఫీసరూ సర్వేయరూ కలిసి చేస్తారు. ఇద్దరి ప్రయోజనం ఒకటి కాదు. అంకెలో తేడా వస్తే డబ్బులో తేడా వస్తుంది. అయినా ఇద్దరూ ఒకే గీతను చూసి, అంకె మీద ఒప్పుకుని సంతకాలు పెడతారు. కలలో ముందే కనిపించిన చావు, తలచుకోగానే మోగిన ఫోను, ఎదుటివాడి మనసులో మాట తనకు తెలిసిపోయిందన్న నమ్మకం: ఇలాంటి అంతుచిక్కని అనుభవాల విషయంలోనూ నిజానికి దగ్గరగా వెళ్లిన సందర్భాలన్నీ ఇలా జరిగినవేనని ఈ వ్యాసంలో నా వాదన. నమ్మేవాడు ఒంటరిగా చూసినా, నమ్మనివాడు ఒంటరిగా చూసినా లెక్క తప్పింది. ఇద్దరూ కలిసి చూసినప్పుడే కుదిరింది.

ఈ చర్చకు విశాఖపట్నం కొత్త కాదు. 1960ల చివర్లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైకాలజీ, పారాసైకాలజీ (ఇలాంటి అంతుచిక్కని అనుభవాలను పరిశోధించే విద్య) రెంటికీ కలిపి ఒక శాఖ ఏర్పడింది. ప్రపంచంలోనే అలాంటి విశ్వవిద్యాలయ శాఖలు అరుదు. దాన్ని స్థాపించిన కోనేరు రామకృష్ణారావు (1932–2021) కృష్ణా జిల్లావాడు, వాల్తేరులో తత్వశాస్త్రం చదివినవాడు, అమెరికాలో పారాసైకాలజీ పరిశోధకుడు జె.బి. రైన్ దగ్గర పనిచేసి వచ్చినవాడు. ఆ తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయానికే వైస్ చాన్సలర్ అయ్యారు, 2011లో పద్మశ్రీ అందుకున్నారు. రైన్ డ్యూక్ విశ్వవిద్యాలయంలో వాడిన పరికరం ఒక పేక కట్ట, అంతే. 25 ముక్కలు, వాటి మీద వృత్తం, కూడిక గుర్తు, అలల గీతలు, చతురస్రం, నక్షత్రం, ఒక్కొక్కటి 5 సార్లు. చూడకుండా చెప్పాలి. ఏ శక్తీ లేకపోయినా సగటున 5 సరిపోతాయి. 8 సరిగ్గా చెప్పినవాణ్ణి చూస్తే చుట్టూ ఉన్నవాళ్లు నోరెళ్లబెడతారు. కానీ లెక్క వేసి చూడండి: వందమంది ఊరికే ఊహించి చెప్పినా వాళ్లలో పదిమందికి పైగానే 8 గానీ అంతకు మించి గానీ తెచ్చుకుంటారు. ఆ పదిమందినీ ఏరి పక్కన కూర్చోబెట్టి తక్కిన తొంభైమందినీ ఇంటికి పంపేస్తే, మన ఎదుట పదిమంది మహిమాన్వితులు మిగులుతారు.

జ్ఞాపకం రోజూ చేసే పని కూడా ఇదే. విశాఖలో మర్చంట్ నేవీలోనో, చేపల బోట్ల మీదో మనిషి సముద్రంలో ఉన్న ఇళ్లు ఎన్నో. ఆ ఇళ్లలో దూరాన ఉన్నవాణ్ణి తలచుకోని పూట ఉండదు. తలచుకున్న ఐదు నిమిషాల్లో అతని ఫోను రావడం ఒక మనిషికి ఒక రోజులో లక్షకు ఒక్క వంతే సాధ్యమనుకుందాం. ఇది ఊహ కోసం వేసుకున్న అంకె. 2011 జనాభా లెక్కల్లో నగర జనాభా 17 లక్షల పైచిలుకు. అంటే రోజుకు 17 మందికి, ఏడాదికి 6 వేల మందికి పైగా ఈ అద్భుతం జరిగి తీరుతుంది. వాళ్లెవరూ అబద్ధం చెప్పడం లేదు. గుండె ఝల్లుమన్నది నిజం, ఫోను మోగింది నిజం. తలచుకున్నా మోగని వెయ్యి పూటల్ని ఎవరూ డైరీలో రాసుకోరు, అక్కడ వస్తుంది చిక్కు. 1971 యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరానికి దగ్గర్లో డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక మునిగిపోయింది. అంతకు ముందు తూర్పు నౌకాదళ అధిపతి కృష్ణన్ సంపత్ వినాయకుడికి 1001 కొబ్బరికాయలు కొట్టించారని ఊళ్లో ఇప్పటికీ భక్తితో చెప్పుకుంటారు. ఘాజీ ఎలా మునిగిందన్న దాని మీద మాత్రం రెండు దేశాల మాటా ఒకటి కాదు: ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జ్‌ల వల్లనని భారత నౌకాదళం, లోపల జరిగిన పేలుడు వల్లనని పాకిస్తాన్. నీటి అడుగున కళ్లెదుట పడి ఉన్న ఇనుప శిథిలానికే కారణం మీద ఏకాభిప్రాయం లేకపోతే, కలకూ చావుకూ మధ్య ముడి వేసేటప్పుడు ఇంకెంత జాగ్రత్తగా ఉండాలి!

మన నమ్మకం మనల్ని ఎలా ఏమారుస్తుందో రే హైమన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తకు తెలిసినంతగా ఎవరికీ తెలియదేమో. పడుచుతనంలో ఆయన చేతులు చూసి జాతకం చెప్పేవాడు, అది నిజమని నమ్మేవాడు కూడా. ఒక పెద్దాయన సలహా మీద, రేఖలు చెప్పేదానికి సరిగ్గా తలకిందులుగా చెప్పి చూశాడు. అప్పుడూ జనం అంతే బాగా కుదిరిందన్నారు. అక్కణ్ణుంచి హైమన్ జీవితమంతా సందేహవాదిగా ఉన్నాడు. చార్లెస్ హానర్టన్ ఆయనకు పూర్తిగా ఎదురు పక్షం. హానర్టన్ చేసిన ప్రయోగంలో పింగ్‌పాంగ్ బంతిని సగానికి కోసి కళ్ల మీద అతికిస్తారు, ఎర్ర దీపం వేస్తారు, చెవుల్లో వాన హోరులాంటి మోత పెడతారు. వేరే గదిలో ఉన్నవాడు ఒక బొమ్మ చూస్తుంటాడు. చివర్లో నాలుగు బొమ్మల్లోంచి అదేదో పోల్చాలి; ఊహకు నూటికి 25. 1985లో వీళ్లిద్దరూ ఎవరి లెక్కలు వాళ్లు అచ్చువేసి గట్టిగా వాదించుకున్నారు. మరుసటి ఏడాది ఇద్దరూ కలిసి ఒకే ప్రకటన రాశారు. ఫలితాల్లో ఏదో తేడా ఉందని, అది ఏమిటన్న దాని మీద తమకు ఏకాభిప్రాయం కుదరలేదని, ఇక మీదట ప్రయోగం ఎంత కట్టుదిట్టంగా చేయాలో మాత్రం ఇదిగో ఇలా అని. ఆ నియమాలకు తగ్గట్టు హానర్టన్ చేసిన ప్రయోగాల్లో నూటికి 32 దాకా సరిపోయాయి. ఆ ఫలితాలు 1994లో అచ్చయ్యేనాటికి ఆయన లేడు. 1999లో జూలీ మిల్టన్, రిచర్డ్ వైజ్‌మన్ తర్వాతి 30 ప్రయోగాలను కూడి చూస్తే ఆ తేడా కనిపించలేదు. వాదం తెగలేదు. కానీ ఆ ప్రకటన తర్వాత ఇరుపక్షాలూ ఒకే కొలబద్దతో మాట్లాడుకోగలిగాయి.

ఇక్కడ నమ్మేవాళ్లు చెప్పే ఆక్షేపణ ఒకటి ఉంది: సందేహించేవాడు పక్కనుంటే ఆ శక్తి పని చేయదు. తోసిపుచ్చే ముందు పరీక్షించదగిన మాటే ఇది. వైజ్‌మన్ సందేహి, మర్లిన్ ష్లిట్జ్ నమ్మకస్తురాలు. ఇద్దరూ ఒకే ప్రయోగశాలలో, ఒకే పరికరంతో, ఒకే తరహా మనుషుల మీద పనిచేశారు. వేరే గదిలోంచి టీవీ తెర మీద ఒక మనిషిని తేరిపార చూస్తే అతని చర్మంలో విద్యుత్ వాహకత మారుతుందా అన్నది ప్రశ్న. 1997లో ష్లిట్జ్ చూస్తే మారింది, వైజ్‌మన్ చూస్తే మారలేదు. నమ్మకస్తులు గెలిచినట్టే కనిపించింది. ఇద్దరూ వదలకుండా మళ్లీ కలిసి చేశారు. 2006లో వెలువడిన మూడో ప్రయోగంలో ఎవరు చూసినా మార్పు లేదు. నాకు ఈ పరిశోధన మీద గౌరవం కలగడానికి కారణం ఫలితం కాదు. తనకు అనుకూలంగా వచ్చిన తొలి అంకెతో ష్లిట్జ్ ఆగిపోలేదు, ప్రతికూలంగా వచ్చిన దాని మీద తన పేరు కూడా పెట్టింది.

హేతువాదుల ఆక్షేపణ వేరు. ఇలాంటి విషయానికి విశ్వవిద్యాలయంలో కుర్చీ వేయడమే మూఢనమ్మకానికి పీట వేయడం కదా అంటారు. మోసగాళ్ల చేతిలో నష్టపోయిన కుటుంబాల్ని చూసినవాళ్లకు ఆ కోపం న్యాయమే. అయినా నేను ఒప్పుకోను. 1974లో రైన్ సంస్థలో డైరెక్టరే ఫలితాలు తారుమారు చేస్తుంటే, అనుమానించి, రహస్యంగా రెండో రికార్డు నడిపి పట్టుకున్నది అక్కడి సహోద్యోగులే. దాన్ని తన పత్రికలో బయటపెట్టింది రైనే. ప్రయోగం మొదలు కాకముందే ఏం కొలుస్తామో రాసి ఇచ్చే పద్ధతిని 1976లోనే యూరప్‌లోని ఒక పారాసైకాలజీ పత్రిక ప్రవేశపెట్టింది. తక్కిన మనస్తత్వ శాస్త్రం దాకా ఆ పద్ధతి గట్టిగా చేరడానికి దశాబ్దాలు పట్టింది. 2011లో డారిల్ బెమ్ వెయ్యిమందికి పైగా మనుషులతో చేసిన తొమ్మిది ప్రయోగాలతో, జరగబోయేది మనసుకు ముందే తెలుస్తుందని ప్రముఖ పత్రికలో ప్రకటించాడు. ఇతరులు మళ్లీ చేస్తే అది నిలవలేదు. ఆ అలజడితో ఎంతోమంది తమ మామూలు ప్రయోగాల్ని కూడా తిరిగి చేసి చూసుకోవాల్సి వచ్చింది. తలుపు మూసేసి ఉంటే ఈ మేలు జరిగేది కాదు. ఇంతకాలం తర్వాత సాక్ష్యం ఎటు మొగ్గిందని అడిగితే, ఎవరు చేసినా మళ్లీ మళ్లీ వచ్చే ఫలితం ఒక్కటీ నిలబడలేదనే నేను చెబుతాను. రామకృష్ణారావు అలా అనుకోలేదు. 1987లో ఆయన, జాన్ పామర్ కలిసి రాసిన సుదీర్ఘ వ్యాసం ఒక పెద్ద శాస్త్ర పత్రికలో, సందేహవాది జేమ్స్ ఆల్కాక్ వ్యాసం పక్కనే, ఇతర శాస్త్రవేత్తల విమర్శలతో సహా అచ్చయింది. తన వాదాన్ని విమర్శకుల మధ్య పెట్టి నిలబడటం ఆయన ఎంచుకున్న దారి.

మరి సొంత విశ్వాసం మాటేమిటి? హార్బరు ముఖద్వారం దగ్గర పక్కపక్కనే మూడు కొండలున్నాయి. ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వేంకటేశ్వరుడి గుడి. అక్కడికి ఎక్కే మనిషి పేక ముక్కలు పోల్చడానికి ఎక్కడు. భయం, కృతజ్ఞత, ఆశ అతన్ని ఎక్కిస్తాయి. అతని ప్రార్థనను ప్రయోగశాల తీర్పు మీద వేలాడదీయక్కర్లేదు. అలాగని ఆ భక్తిని సాక్ష్యంగా చూపి ఎవరి వైద్యమో ఆపించకూడదు. ఈ హద్దును స్నేహితులు ఇద్దరు తమలో తాము గీసుకున్న తీరు తెలుగునాట ఒకటుంది. నాస్తికుడని కాలేజీ ఉద్యోగం పోగొట్టుకున్న గోరా, గోపరాజు రామచంద్రరావు, 1944లో సేవాగ్రాం వెళ్లి గాంధీతో వాదించాడు. ఒకరినొకరు మార్చుకోలేదు. వాళ్ల పరిచయం గురించి గోరా రాసిన చిన్న ఇంగ్లీషు పుస్తకాన్ని గాంధీ స్థాపించిన నవజీవన్ సంస్థే 1951లో అచ్చువేసింది. గోరా తన కూతురు మనోరమకు దళిత యువకుడితో పెళ్లి తలపెట్టినప్పుడు, అది ఆశ్రమంలో జరగాలని గాంధీ కోరాడు. మంత్రంలో దేవుడి పేరు వస్తే గోరాకు కుదరదు. దేవుడి సాక్షిగా అన్న చోట సత్యం సాక్షిగా అనడానికి గాంధీ ఒప్పుకున్నాడు. 1948 జనవరి 30న గాంధీ హత్య జరిగింది. పెళ్లి మార్చిలో, అనుకున్నట్టే సేవాగ్రాంలో జరిగింది.